సమతూకము

ఎడ్లబండిలో ధాన్యపు బస్తాలు నింపునపుడు నేర్పరియైన బండివాడు చేయు పని నొకదానిని మీలో కొందఱైనను చూచియుందురు. బస్తాలన్నియు ఎక్కించిన తరువాత నతడు కాడిని చేతితో నెత్తి చూచును. కాడి మిక్కిలి బరువుగా నున్నచో ఒక బస్తాను వెనుకకు జరుపును. కాడి తనంత తానే పైకి లేచిపోవుచున్నచో ఒక బస్తాను ముందునకు లాగును. ముందు బరువు హెచ్చినచో ఎద్దుల మెడలు క్రుంగును. వెనుక బరువు హెచ్చినచో కాడి పైకి లేచి, మెడ క్రింది పట్టెడలు వాని గొంతులను నొక్కును. బండిలోని బస్తాల లెక్క మాఱలేదు; మొత్తము బరువును మాఱలేదు. మాఱినది బరువు నిలుచు చోటు మాత్రమే. ఆ చోటు కుదిరినపుడే బండి సుఖముగా నడచును.

నేలపై నడచు బండికే ఇంత జాగ్రత్త కావలసియుండగా, గాలిలో నెగురు విమానమునకు ఎంత జాగ్రత్త కావలెనో ఊహింపుడు. బండి ఒక వైపునకు ఒరిగినచో దానిని నిలిపి సవరింపవచ్చును. విమానమును ఆకాశమున నిలిపి సవరించుటకు వీలు లేదు. ఆ సవరణ యంతయు నేలమీదనే, ఎగురుటకు పూర్వమే జరుగవలెను. ఈ పాఠమున అట్టి సవరణను గూర్చియు, దానిని ఉపేక్షించి నష్టపడి పిమ్మట నేర్చుకొనిన యొక యువకుని గూర్చియు చెప్పెదను.

నమూనా విమానమును పిల్లల ఆటవస్తువని పలువురు తలంతురు. కాని మనుష్యుడు యంత్రముతో గాలిలోనికి లేచుటకు ఒక శతాబ్దము ముందే నమూనా విమానములు గాలిలో తేలినవి. ఇంగ్లండు దేశస్థుడైన జార్జి కెయిలీ 1804వ సంవత్సరమున ఒక నిడుపాటి కఱ్ఱకు గాలిపటమును రెక్కగా నమర్చి, వెనుక కొసను తోకను బిగించి, ముందు కొసను అటునిటు జరుపుటకు వీలగు నొక బరువును కట్టి యెగురవేసెను. ఆ బరువును జరుపుటయే ఆయన తూకమును సవరించిన విధము. ఫ్రాన్సు దేశస్థుడైన ఆల్ఫోన్సు పేనో 1871వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన పారిస్ నగరమందలి ట్యూలరీ ఉద్యానమున, మెలిపెట్టిన రబ్బరు బలముతో నడచు చిన్న విమానమును 11 సెకండ్లపాటు ఎగురవేసెను. అది సుమారు 40 మీటర్ల దూరము పోయెను. చేతితో నడుపువాడు లేకయే అది నిలుకడగా నెగిరినదనగా, దాని తోకయు తూకమును ఎంత చక్కగా కుదిరియుండెనో తెలియుచున్నది. తరువాత 1937వ సంవత్సరమున అమెరికా దేశమున వాల్టరు గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు రేడియో తరంగములచే నడుపబడు 'గఫ్' అను నమూనా విమానమును ఎగురవేసిరి.

నేటి రేడియో విమానమున నడుపువాడు నేలపై నిలిచి చేతిలోని ట్రాన్స్‌మిటరు మీటలను కదపును. విమానములోని రిసీవరు ఆ తరంగములను గ్రహించి సర్వో మోటార్లను కదలించును. అవి రెక్కలకును తోకకును గల కదలెడి పలకలను త్రిప్పును. ఇట్లు విమానము లేచును, దిగును, మలగును. కాని యొక సంగతి మఱవరాదు. నడుపువాడు విమానములో లేడు. అది ఒరుగుచున్నదని దేహమునకు తెలియదు. కంటికి కనబడిన పిమ్మటనే తెలియును. కావున విమానము తనంత తాను కొంత నిలుకడ కలదిగా నుండుట అత్యవసరము. ఆ నిలుకడ గరిమనాభి వలన వచ్చును.

గరిమనాభి యనగా నేమి? మీ స్కేలును చూపుడువ్రేలిపై అడ్డముగా నుంచి చూడుడు. ఒకచోట నది ఎటును ఒరుగక నిలుచును. స్కేలు బరువంతయు ఆ యొక్కచోటనే కలదా యన్నట్లు వ్యవహరించును. ఆ చోటునే గరిమనాభి యందురు. స్కేలునకు ఒక కొసను మట్టి యుండను అంటించినచో ఆ చోటు మట్టియున్న వైపునకు జరుగును. ప్రతి వస్తువునకును గరిమనాభి కలదు, విమానమునకును కలదు.

సాధారణమైన నమూనా విమానములలో నిది రెక్క వెడల్పులో ముందు భాగముననే యుండవలెను. రెక్క ముందంచు నుండి వెనుకంచు వఱకు గల వెడల్పును నూఱు పాళ్ళుగా భావించినచో, ముందంచు నుండి 25 మొదలు 33 పాళ్ళ వఱకు గల చోటు తగినది. 40 సెంటీమీటర్ల వెడల్పు గల రెక్కకు ఇది సుమారు 10 మొదలు 13 సెంటీమీటర్ల వఱకు అగును. ఒక్కొక్క విమానమునకు తగిన చోటును దానిని రూపొందించినవారు పటముపై గుర్తించి యుందురు.

ముందు భాగముననే యేల యుండవలెను? విలుకాడు బాణమునకు బరువైన ములికిని ముందును, తేలికయైన ఈకలను వెనుకను అమర్చును. బాణము దారి తప్పినచో గాలి ఈకలను నెట్టి దానిని మరల తిన్నన చేయును. విమానమునకును ఇట్లే. ఒక గాలితెర తగిలి విమానపు ముక్కు పైకి లేచినదనుకొందము. అపుడు రెక్కయు తోకయు కలిసి అదనముగా పైకెత్తెడి బలము గరిమనాభికి వెనుక పనిచేసినచో, తోక లేచి ముక్కు దిగును. విమానము తనంత తానే సర్దుకొనును. గరిమనాభి మితిమీఱి వెనుకకు జరిగి, ఆ బలము గరిమనాభికి ముందు పనిచేసినచో, లేచిన ముక్కు ఇంకను లేచును. కడకు రెక్క గాలిపై పట్టు కోల్పోవును. విమానము రాయివలె పడును.

ముక్కు బరువు హెచ్చిన విమానమునకును లోపములు కలవు. అది వేగముగా పరుగిడినగాని నేలను విడువదు. దిగునపుడు ముక్కు నెత్తుటకు తోకపలకను మిక్కిలి త్రిప్పవలెను. అయినను అది నడుపువాని మాట వినును. తోక బరువు హెచ్చిన విమానము వినదు. ముక్కు బరువైన విమానము కష్టముగా నెగురును, తోక బరువైన విమానము ఒక్కసారియే యెగురును అని నమూనా విమానములు నడుపువారిలో నొక సామెత కలదు. ఆ రెండవ మాటలోని నిజమును నేను కన్నులార చూచితిని.

మా తమ్ముని కుమారుడు ఇంజనీరింగు చదువుచుండెను. అతడొక యేడాది పాటు థర్మోకోలు వంటి తేలిక పదార్థముతో చేసిన చిన్న విమానముల నెగురవేసి, అందు కొంత చేయి తిరిగినవాడయ్యెను. పిమ్మట పెద్ద విమానము చేయవలెనని పూనుకొనెను. బాల్సా కఱ్ఱను, పలుచని ప్లైవుడ్డును కోసి, ఎనిమిది నెలలు రాత్రింబవళ్ళు శ్రమించి, 220 సెంటీమీటర్ల రెక్క గల విమానమును నిర్మించెను. దానికొక పెట్రోలు ఇంజను బిగించెను. మొత్తము బరువు 6 కిలోగ్రాములు. ప్రతి కఱ్ఱముక్కను గరుకు కాగితముతో రుద్ది గ్రాము గ్రాముగా బరువు తగ్గించుట అతనికి గొప్ప గర్వకారణముగా నుండెను.

దసరా సెలవులలో దాని నెగురవేయుటకు నిశ్చయించెను. మా యూరి వెలుపల పశువులు మేయు బీడు కలదు. బంధువులందఱును వచ్చి చేరిరి. రైల్వే కర్మాగారమున ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి పొందిన మేస్త్రి యొకరు ప్రక్క గ్రామమున నున్నారు. ఆయన ముప్పది సంవత్సరములుగా నమూనా విమానములు చేయుచున్నవారు. ఆయన వచ్చువఱకు ఆగుదమని మా అబ్బాయి యనెను. "ఎండ యెక్కుచున్నది, బంధువులు వేచియున్నారు, కానిమ్ము" అని తొందరపెట్టినవాడను నేనే.

విమానము పరుగిడి గాలిలోనికి లేచెను. అందఱము చప్పట్లు కొట్టితిమి. కాని యది లేచుట మానలేదు. ముక్కు నిటారుగా పైకెత్తెను. అబ్బాయి మీట ముందునకు త్రోసెను. విమానము ఒక్కసారిగా తలక్రిందుగా దూకబోయెను. అతడు మీట వెనుకకు లాగెను. మునుపటికంటె నిటారుగా లేచెను. ఇట్లు రెండుసార్లు జరిగెను. అంతలో రెక్క వాలి, సుడులు తిరుగుచు నేలను కొట్టుకొనెను. ఎనిమిది నెలల శ్రమ పట్టుమని పది క్షణములలో ముక్కలయ్యెను.

అది పడిన చోటికి ఇరువది యడుగుల దూరమున ఒక వృద్ధుడు మేకలను కాయుచుండెను. మేము అతనిని చూడనైనను లేదు. మేము పరుగెత్తి పోవునప్పటి కతడు ఒక్క మాటయు పలుకక, చెదిరిన మేకలను కూడగట్టి లెక్క చూచుకొనుచుండెను. ఆ దృశ్యము నన్ను నేటికిని వెంటాడుచున్నది. చిన్న విమానముకంటె ఇది పదింతలు బరువైనది. వేగము రెండింతలు. వస్తువు తగిలెడి శక్తి బరువును బట్టియు, వేగముయొక్క వర్గమును బట్టియు పెరుగును. కావున దాని దెబ్బ చిన్నదాని దెబ్బకు నలువదింతలు. పైగా ముందు ప్రొపెల్లరు కత్తివలె తిరుగుచుండును.

ఆ సాయంకాలము మేస్త్రిగారు మా యింటికి వచ్చి ముక్కలను చూచిరి.

"గాలితెర తగిలినది మేస్త్రిగారూ! రేడియో కూడ సరిగా పనిచేయలేదేమో!" అని అబ్బాయి చెప్పెను.

మేస్త్రిగారు నెమ్మదిగా, "బాబూ! దీని గరిమనాభి ఎచ్చట నుండెను?" అని యడిగిరి.

"రెక్క క్రింద వ్రేళ్ళుంచి యెత్తి చూచితిని. ఇంచుమించు సరిగానే నిలిచినది."

"ముందంచు నుండి ఎన్ని సెంటీమీటర్లు?"

అబ్బాయి కొంతసేపు తలవంచుకొనెను. పిమ్మట, "నేను కొలువలేదు" అని చెప్పెను.

"ఆ మాట చెప్పితివి గదా, ఇక భయము లేదు. మరల కట్టుము. ఈసారి కొలుతము" అని మేస్త్రిగారు లేచిపోయిరి.

ఇంజనును, సర్వో మోటార్లును చెడలేదు. అబ్బాయి ఆ పటము ప్రకారమే మరల పని మొదలుపెట్టి, సంక్రాంతి నాటికి రెండవ విమానమును సిద్ధము చేసెను. ప్రతి వస్తువును మునుపు బిగించిన చోటనే బిగించెను. మేస్త్రిగారు మూడు ఎలక్ట్రానిక్ కాటాలను, ఒక రసమట్టమును, తాపీవారు వాడు గుండుదారమును తీసికొని వచ్చిరి. పని యంతయు మా వసారాలోని గచ్చుమీద జరిగెను. ఆ విధమును మీరు శ్రద్ధగా గమనింపుడు; ఇందు మీ తరగతి గణితమునకు మించినది ఏదియు లేదు.

చిన్న విమానమును రెండు వ్రేళ్ళపై నిలిపి తూకము చూడవచ్చును. 6 కిలోల విమానమును ఒక్కడే వ్రేళ్ళపై నెత్తినచో చేతులు వణకును; మొండెము సమముగా నుండదు; రెండు మూడు సెంటీమీటర్ల తప్పు కంటికి కనబడదు. కావున పెద్ద విమానమునకు కాటాలే శరణ్యము. దానికి రెక్కల క్రింద రెండు చక్రములు, తోక క్రింద నొక చిన్న చక్రము కలవు. ఒక్కొక్క చక్రము క్రింద నొక కాటా నుంచిరి. ఎగురునప్పటివలె మొండెము సమముగా నుండుటకై తోక కాటా క్రింద పీట వేసి, రసమట్టముతో సరిచూచిరి. పెట్రోలు తొట్టిని ఖాళీ చేయించిరి. కుడి చక్రము 2,740 గ్రాములు, ఎడమ చక్రము 2,660 గ్రాములు, తోక చక్రము 600 గ్రాములు చూపెను. మొత్తము 6,000 గ్రాములు.

ముందు చక్రముల ఇరుసు నుండి తోక చక్రము వఱకు 120 సెంటీమీటర్లు. ఇరుసును ఆధారముగా తీసికొన్నచో తోక చక్రముపై నున్న 600 గ్రాముల భ్రామకము 600 × 120, అనగా 72,000. మొత్తము బరువు 6,000 గ్రాములు ఎంత దూరమున నున్నచో అదే భ్రామకము కలుగును? 72,000ను 6,000చే భాగింపగా 12 వచ్చును. అనగా గరిమనాభి ఇరుసునకు 12 సెంటీమీటర్ల వెనుక నున్నది. ముందంచు నుండి గుండుదారము వ్రేలాడదీసి చూడగా, ఇరుసు ముందంచునకు 3 సెంటీమీటర్ల వెనుక నుండెను. రెండును కలుపగా, ముందంచు నుండి గరిమనాభి 15 సెంటీమీటర్లు.

పటముపై గుర్తించిన చోటు 12 సెంటీమీటర్లు.

అబ్బాయి ఆ లెక్కను రెండుమాఱులు తిరిగి చేసెను. విడ యేమియు మాఱలేదు. "అయితే మొదటి విమానమును ఇట్లే యుండెను. గాలి తప్పు కాదు, రేడియో తప్పు కాదు" అని మెల్లగా ననెను. నేనును తలవంచుకొంటిని. ఆనాటి తొందర నాది.

ఇక సవరింపవలెను. 6,000 గ్రాముల విమానపు గరిమనాభిని 3 సెంటీమీటర్లు ముందునకు తేవలెననగా 6,000 × 3, అనగా 18,000 భ్రామకము కావలెను. ఇంజను బిగించు పలక కావలసిన గరిమనాభికి 40 సెంటీమీటర్లు ముందున్నది. 18,000ను 40చే భాగింపగా 450. అచ్చట 450 గ్రాముల సీసము కట్టినచో తూకము కుదురును.

అది విని అబ్బాయి ముఖము చిన్నబోయెను. "గ్రాము గ్రాముగా తగ్గించి కట్టితిని. ఇపుడు అర్ధకిలో సీసము కట్టవలెనా?" అని విచారించెను.

మేస్త్రిగారు నవ్వి, "తేలికతనము మంచిదే బాబూ. కాని తూకము దానికంటె మంచిది. తప్పనిసరియైనచో సీసము కట్టుటకు వెనుదీయరాదు. అయితే క్రొత్త బరువు కట్టుట చివరి యుపాయము. ఉన్న బరువును జరుపుట మొదటి యుపాయము. బాటరీలు ఎచ్చట నున్నవి?" అని యడిగిరి.

బాటరీలు రెక్క క్రింద, ముందంచునకు 17 సెంటీమీటర్ల వెనుక నుండెను. వాని బరువు 400 గ్రాములు. ఇంజను పలక ముందంచునకు 28 సెంటీమీటర్ల ముందున్నది. బాటరీలను ఆ పలక యొద్దకు చేర్చినచో అవి 45 సెంటీమీటర్లు జరుగును. 400 × 45 అనగా 18,000! సరిగా కావలసినంతయే. ఒక్క గ్రామైనను పెరుగకయే తూకము కుదిరినది. బండివాడు బస్తాను ముందునకు లాగుటయు నిదియు ఒక్కటే గదా!

బాటరీలను స్పాంజిలో చుట్టి, పట్టీలతో కదలకుండ బిగించి, మరల కాటాలపై నుంచిరి. తోక చక్రము 450 గ్రాములు చూపెను. 450 × 120ని 6,000చే భాగింపగా 9. ఇరుసు 3 సెంటీమీటర్లు. మొత్తము 12. పటమును, కాటాయు ఒక్కమాట చెప్పినవి.

పెట్రోలు తొట్టిని ఖాళీ చేయుట ఎందులకని అబ్బాయి యడిగెను. తొట్టి గరిమనాభికి 21 సెంటీమీటర్ల ముందున్నది. అందు సుమారు 300 గ్రాముల పెట్రోలు పట్టును. తొట్టి నిండినపుడు విమానము 6,300 గ్రాములగును. గరిమనాభి ఒక సెంటీమీటరు ముందునకు వచ్చును. ఎగురుచున్న కొలది పెట్రోలు ఖర్చయి, గరిమనాభి ఆ సెంటీమీటరు వెనుకకు పోవును. నిండు తొట్టితో తూకము చూచినవాడు, దిగునప్పటికి తోక బరువైన విమానమును దించవలసి వచ్చును. కావున ముందు తొట్టి గల విమానమును ఖాళీ తొట్టితోనే తూచవలెను.

కుడి చక్రము ఎడమ చక్రముకంటె 80 గ్రాములు హెచ్చు చూపిన సంగతి మీకు జ్ఞాపకమున్నదా? మేస్త్రిగారు దానిని మఱవలేదు. ఇంజను పొగగొట్టము కుడివైపున నున్నది. దాని బరువు 200 గ్రాములు, నడిమి గీతకు 10 సెంటీమీటర్ల దూరము, భ్రామకము 2,000. ఎడమ రెక్కలో నడిమికి 100 సెంటీమీటర్ల దూరమున, గరిమనాభికి సూటిగా 20 గ్రాముల సీసపు బిళ్ళ నుంచినచో అంతే భ్రామకము వచ్చును. బిళ్ళనుంచి, ముక్కును తోకను దారములతో నెత్తి చూడగా, రెండు రెక్కలును సమముగా నిలిచినవి.

మఱునాటి యుదయమున గాలి లేదు. ముందుగా అబ్బాయియే మేకల కాపరి యొద్దకు పోయి, తాము చేయబోవు పనిని చెప్పి, మందను బీడు ఆవలి గట్టునకు తోలుకొనిపొమ్మని వేడుకొనెను. చూడవచ్చినవారిని అతని వెనుకవైపున దూరముగా నిలిపితిమి. మన దేశమున 2021వ సంవత్సరమున ప్రకటింపబడిన డ్రోను నియమములు 25 కిలోగ్రాములకు మించని నమూనా విమానములను ప్రత్యేకముగా పేర్కొని, అవి కంటిచూపు మేరలో నడుపబడునవిగా నిర్వచించినవి. నియమములున్నను లేకున్నను, మనుష్యుల నెత్తిపై విమానమును త్రిప్పరాదని తెలిసికొనుటకు దసరానాటి యనుభవమే మాకు చాలును. ట్రాన్స్‌మిటరు దూరమునుండి పనిచేయుచున్నదా, పలకలు మీట త్రిప్పిన వైపునకే తిరుగుచున్నవా యని మేస్త్రిగారు పరీక్షించిరి. నేను ఈసారి తొందరపెట్టలేదు.

విమానము పరుగిడెను. తోక లేచెను. చక్రములు నేలను విడిచెను. అది మెట్లెక్కినట్లు నిదానముగా లేచి, ఎత్తుననుండి ఎడమకు మలగెను. మేస్త్రిగారు అబ్బాయి ప్రక్కననే నిలిచి, "ఇపుడు మంచి యెత్తున నున్నది. ఇంజను తగ్గించి, ముక్కును కొంచెము దించి, మీట విడిచిపెట్టుము" అని చెప్పిరి. ఇది తూకమునకు గాలిలో చేయు పరీక్ష. మీట విడిచిన పిమ్మట విమానము వెంటనే ముక్కు పైకెత్తినచో ముక్కు బరువు హెచ్చినదని గుర్తు. ఇంకను నిటారుగా క్రిందికి పోయినచో తోక బరువు హెచ్చినదని గుర్తు. అబ్బాయి మీట విడిచెను. విమానము కొంత దూరము వాలుగా పోయి, మెల్లమెల్లగా తనంత తానే సమమయ్యెను. మేస్త్రిగారు తల యూచిరి.

ఎనిమిది నిమిషములు తిరిగిన పిమ్మట అది గడ్డిపై దిగెను. ఒకమాఱు ఎగిరిపడి, పరుగిడి, నిలిచెను. అబ్బాయి ట్రాన్స్‌మిటరును క్రింద నుంచి, ముందుగా ఆవలి గట్టువైపు చూచెను. మేకలు మేయుచుండెను.

గొప్పవారికిని ఇట్టి సవరణ తప్పలేదు. రైటు సోదరులు 1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన ఎగిరిన విమానము పైకి క్రిందికి ఊగిసలాడు స్వభావము కలది. మఱుసటి యేడు వారు విమానపు ముందు భాగమున సుమారు 70 పౌనుల యినుమును బరువుగా కట్టి యెగిరిరి. ప్రపంచమునకు ఎగురుట నేర్పినవారు తమ యంత్రమునకు ఇనుము కట్టుటకు సిగ్గుపడలేదు. కొలతకు తలవంచుట చిన్నతనము కాదు.

విద్యార్థులారా! నేను ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయుడనుగా నుండి, "ఇంచుమించు" అను మాట విడలలో వ్రాయవలదని ఎందఱికో చెప్పితిని. ఆ దసరానాడు మా యింటి పిల్లవాడు "ఇంచుమించు సరిగానే యున్నది" అని బయలుదేరినపుడు నేనే వానిని ముందునకు త్రోసితిని. ఇరువది యడుగుల దూరముననున్న ఆ వృద్ధుని ప్రాణము నిలిచినది మా జాగ్రత్త వలన కాదు, అదృష్టము వలన. అదృష్టముపై నాధారపడువాడు విమానమును నడుపరాదు, బండినైనను తోలరాదు. మీరు పెద్దవారై వంతెనలు కట్టినను, మందులు తూచినను, వాహనములు నడిపినను, పని మొదలిడుటకు ముందు కాడి నొకమాఱు ఎత్తి చూచు బండివానిని జ్ఞాపకముంచుకొనుడు. గాలిలో చేయు నేర్పుకంటె నేలపై చూచు తూకము ముందు.

ప్రశ్నలు

1. ఎడ్లబండి తూకమునకును విమానపు తూకమునకును గల పోలికను వివరింపుము.
2. ముక్కు బరువైన విమానముకంటె తోక బరువైన విమానము ఏల ఎక్కువ అపాయకరము?
3. "నేను కొలువలేదు" అను మాట విని మేస్త్రిగారు "ఇక భయము లేదు" అని యేల పలికిరి?
4. ఒక నమూనా విమానపు మొత్తము బరువు 5,000 గ్రాములు. తోక చక్రముపై 500 గ్రాములు. ముందు ఇరుసు నుండి తోక చక్రము వఱకు 100 సెంటీమీటర్లు. గరిమనాభి ఇరుసునకు ఎంత వెనుక నున్నది?
5. రచయిత తన తప్పును ఏ సందర్భములలో ఒప్పుకొనెనో సొంత మాటలలో వ్రాయుము.